ఎస్పోసితో వారి కుర్రాడు

దెయ్యాలంటే నాకు భయం లేదు. రబ్బరు తోటలో పుట్టి పెరిగినవాళ్లకు పాములన్నా, చీకటన్నా, తాగొచ్చి అరిచే మగవాళ్లన్నా భయపడే తీరిక ఉండదు. నన్ను చిన్నప్పటి నుంచి అరవై దాటిన ఈ వయసు దాకా వణికించింది ఒకే ఒక్క ప్రశ్న. గుమ్మంలో చెప్పులు విడిచి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, మా మామ్మ ఇచ్చిన కాఫీ గ్లాసు అందుకుంటూ కొత్త మనిషి అడిగే ప్రశ్న. "మీ ఇంటిపేరేటి?" అడిగేవాళ్లకు అది మంచినీళ్లు అడిగినంత మామూలు సంగతి. ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ములు, వేరైతే బావా మరదళ్లు, తల్లి పుట్టింటి పేరైతే మేనమామలు. ఓడెక్కి మలయాకి వచ్చినప్పుడు మావాళ్ల దగ్గర వేరే సామానేం లేదు గానీ ఈ వరసలు మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు. మా ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న వినబడగానే మా మామ్మ చేతిలో ఏ పనుంటే ఆ పని ఆగిపోయేది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మా ఇంటికి ఒక ఇటలీ కుర్రాడు వచ్చాడు. మా చిన్నమ్మాయి దేవి కౌలాలంపూర్‌లో బిస్కెట్లు పొట్లాలు కట్టే ఫ్యాక్టరీలో ఆఫీసు పని చేస్తుంది. ఆ పొట్లాలు కట్టే మిషన్లు ఇటలీవి. వాటిని బిగించడానికి వచ్చిన కుర్రాడు మార్కో. మిషన్లు బిగించడం అయిపోయినా అతను వెనక్కి పోలేదు. ఎందుకు పోలేదో కొన్నాళ్లకు మా అమ్మాయి ఫోన్లో చెప్పింది. నేను అడ్డు చెప్పే మనిషిని కాదు. కానీ మా ఇంట్లో ఏ పెళ్లయినా ఖాయం చేసేది మా అత్త. మా ఆయన పోయాక సుంగై సిపుట్‌లోని ఈ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే, నేనూ తొంభై దాటిన మా అత్తా. దేవి అరవ పిల్లల్లాగా నాయనమ్మను పాట్టి అని పిలుస్తుంది. పాట్టి సరేనంటేనే పెళ్లి, లేకపోతే లేదని ముందే తేల్చి చెప్పింది. నాయనమ్మ అంటే దానికంత ప్రాణం.

అతన్ని తీసుకువచ్చే ముందు రోజు మళ్లీ ఫోన్ చేసింది. "అమ్మా, పాట్టి ముందు ఇంటిపేరే అడుగుతాది గదా. ఆయన ఇంటిపేరు ఎస్పోసితో. ఫోన్లో కొట్టి సూసినాను. ఎక్కడ పుట్టిందీ, అర్థమేటీ, ఎంతమందికి ఉందీ, అన్నీ ఉన్నాయి. ఇటలీలో పెద్ద పేరే. ఆళ్ల ఊరు నేపుల్స్‌లో ఏ వీధికెళ్లినా ఎస్పోసితోలే అంట. కానీ అర్థమే... సుసా లా, అమ్మా." సుసా అంటే మలయ్‌లో చిక్కు. ఏం చిక్కే అని అడిగాను. గొంతు తగ్గించి చెప్పింది. పూర్వం ఆ ఊళ్లో ఒక ధర్మసత్రం గోడకు కన్నం, ఆ కన్నంలో చెక్క చక్రం ఉండేవట. పెంచలేని తల్లులు బిడ్డను తెచ్చి ఆ చక్రంలో పెట్టి వెళ్లిపోయేవారట. లోపలివాళ్లు చక్రం తిప్పి బిడ్డను తీసుకునేవారట. తల్లీ తండ్రీ ఎవరో తెలియదు కాబట్టి ఆ పిల్లలందరికీ ఒకటే పేరు, ఎస్పోసితో, బయట పెట్టేసిన బిడ్డ అని. పిల్లలకు అది మాయని మచ్చ అవుతోందని తర్వాత వచ్చిన ఏలికలెవరో ఇక ఆ పేరు పెట్టకూడదన్నారట. కొందరు సిగ్గుపడి ఒకటి రెండు అక్షరాలు మార్చుకున్నారట. మిగిలినవాళ్లు అలాగే ఉంచుకున్నారు, పిల్లలూ మనవలూ పుట్టి ఆ పేరు ఊరంతా నిండిపోయింది.

"వదిలేసిన పిల్లోడని అర్థమమ్మా. పాట్టికి తెలిస్తే ఒప్పుకోదు. నువ్వు సెప్పకు," అంది. నేను సరే అని ఫోన్ పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. పక్క గదిలో మా అత్త దగ్గు వినిపిస్తోంది. నా కూతురు ఫోన్లో చదివింది ఇటలీ సంగతి కాదు, మా నాన్న సంగతి. అది దానికి తెలియదు. మా అత్తకు తెలియకూడదు. తెలియకూడదనే నేను ఈ ఇంట్లో నలభై ఏళ్లుగా ఊపిరి బిగబట్టుకుని కాపురం చేశాను.

నేను పెరిగింది తెలుక్ ఇంటాన్ దగ్గర ఒక తోటలో. వరసగా కట్టిన లైను ఇళ్లలో మాది చివరిది, దాని వెనక మురుగు కాలువ, కాలువకు అవతల రబ్బరు చెట్లు. నాన్న తెల్లారకముందే తలకు దీపం కట్టుకుని చెట్లు గీయడానికి పోయేవాడు. రబ్బరు పాలు అప్పగించి ఇంటికొచ్చేసరికి అతని బట్టల నుంచి పుల్లటి యాసిడ్ వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాన్న వచ్చాడని తల తిప్పుతాను. అమ్మ కూడా పనికి పోయేది కాబట్టి మమ్మల్ని పెంచింది మామ్మే. ఉప్పు చేపలు వేయించేది, మునగాకు దూసేది, చింతపండు గింజలు తీసి ఎండబెట్టేది. చెవులకు బరువైన కమ్మలు, నోట్లో పొగచుట్ట, ఎవరినైనా ఎదిరించే నోరు. తోట దొర దగ్గర పనిచేసే కిరాణీ గుమాస్తా కూడా ఆవిడను చూస్తే పక్క దారి పట్టేవాడు. అలాంటి మనిషి ఇంటిపేరు అడిగినప్పుడు మాత్రం పిల్లి అయిపోయేది.

"గేదెలోరం బాబూ," అనేది, గోడకు కూడా వినబడనంత మెల్లగా. వెంటనే "కాఫీలో పంచదార సరిపోయినాదా? ఒలే గుంటా, బిస్కెట్లు అట్రా," అని నన్ను తరిమేది. వచ్చినవాళ్లు ఊరుకుంటారా? "గేదెలోరంటే ఏ ఊరు గేదెలోరు? ఎవుల కొడుకు మీవోడు?" అని తవ్వేవాళ్లు. అప్పుడు మామ్మ ముక్కు ఎగబీల్చి, "ఓలమ్మ, ఏదో మాడిపోతన్నాది," అంటూ వంటింట్లోకి పరిగెత్తేది. వాళ్లు వెళ్లేదాకా రాదు. చిన్నప్పుడు నేను పొయ్యి దగ్గరకు పోయి చూసేదాన్ని. పొయ్యిలో నిప్పు కూడా ఉండేది కాదు. మామ్మ గోడకు ఆనుకుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండేది. ఎందుకు భయపడుతోందో తెలియదు గానీ, మామ్మ భయపడిందంటే అది భయపడాల్సిన సంగతేనని నాకు అప్పుడే ఎక్కిపోయింది. సుంగై సిపుట్ వైపు నుంచి ఎవరైనా చుట్టాలు లైన్లలోకి వచ్చారని తెలిస్తే ఆ రోజంతా మామ్మకు తలనొప్పి. తలుపు వేసుకుని పడుకునేది.

సర్కారు కాగితాలతో మాకు ఏ బెంగా లేదు. మా ఐసీల మీద, అంటే గుర్తింపు కార్డుల మీద, ఇంటిపేర్లుండవు. ఫలానా మనిషి, ఫలానా వారి కూతురు అని మలయ్‌లో ఉంటుంది, అంతే. ఇంటిపేరు మనుషుల నోళ్లలోనే బతికింది. అందుకే మామ్మకు కాగితాలంటే భయం లేదు, మనుషులంటేనే భయం.

నాకు పెళ్లీడు వచ్చింది. సుంగై సిపుట్ నుంచి సంబంధం, కుర్రాడికి మోటారు బైకులు బాగుచేసే కొట్టు ఉంది, ఇంటిపేరు పైడివారు. మామ్మ ఎన్ని వంకలు పెట్టినా నాన్న వినలేదు. ఒక మధ్యాహ్నం టాక్సీలో దిగారు. ముందు దిగిన ఆవిడే కుర్రాడి తల్లి. భారీ మనిషి, రూపాయి కాసంత కుంకుమ బొట్టు, ఆవిడ గుమ్మంలో ఉండగానే మాట పెరట్లో వినబడింది. కూర్చుంటూనే ఇంటిపేరు అడిగింది. మామ్మ లోపలుంది కాబట్టి నాన్నే గట్టిగా, హాయిగా చెప్పాడు, గేదెలోరమని. ఆవిడ లేచి నిలబడింది. "మా పుట్టింటోరు గేదెలోరే గదయ్యా!" అంది. అంతలో మామ్మ కాఫీ పళ్లెం పట్టుకుని వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పళ్లెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగడం నాకు వినబడింది.

"పిన్నీ! నువ్వు మా సిన్నాన్న ఇంటిదానివి గదేటి?" అని ఆవిడ వెళ్లి మామ్మను కావలించుకుని ఏడ్చింది. తర్వాత నాన్న వైపు తిరిగి చాలాసేపు చూసింది. నుదురు, ముక్కు, చేతులు, అన్నీ చూసింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఆవిడ కళ్లు తుడుచుకుని, "అయితే నువ్వు నాకు తమ్ముడివి. నీ కూతురు నాకు మేనకోడలు. ఇంకేటి మాటలు, తాంబూలాలు తియ్యండి," అంది. అందరూ నవ్వారు. మామ్మ కూడా నవ్వింది.

వాళ్లు వెళ్లాక పెరట్లో మునగాకు దూస్తూ మామ్మ నాకు చెప్పింది. జపానోళ్ల కాలంలో తాతను సయాంకి రైలు దారి వేయడానికి పట్టుకుపోయారు. తిరిగి రాలేదు. తాతకూ మామ్మకూ పిల్లల్లేరు. తాత పోయిన చాన్నాళ్లకు ఒక పొద్దున, రబ్బరు రేకులు ఆరబెట్టే పొగ ఇంటి గుమ్మం ముందు, గోనెగుడ్డలో ఒక మగబిడ్డ. "అరవోళ్ల పిల్లో, మనోళ్ల పిల్లో, ఎవుల పిల్లో నాకు తెల్దు. ఏ కులమో తెల్దు. పెంచుకున్నాను. జనం నోళ్లకు బయపడి సుంగై సిపుట్ వదిలి ఈ తోటకొచ్చేసినాను. మీ తాత ఇంటిపేరే పెట్టినాను, అది పెట్టడానికి నాకేటి అదికారం ఉందో దేవుడికే తెలవాల." అంతవరకు నిదానంగానే చెప్పింది. తర్వాత గొంతు మారింది. "ఇప్పుడొచ్చింది సూడు, మీ అత్త. అదప్పుడు నాకు సాయంగా మా ఇంట్లోనే ఉండేది. ఇంత గుంట. దానికి గుర్తుందో నేదో. మీ అయ్యని ఎలా సూసినాదో సూసినావా? ఒలే, ఆ ఇంట్లో నోరెత్తకు. గుర్తు నేకపోతే గుర్తు సెయ్యకు. తెలిసిందంటే ఇంటిపేరు నేనోడి కూతురని నిన్ను గెంటేస్తారు. మీ అయ్య తలెత్తుకోలేడు."

ఇదీ నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న సారె. పెళ్లయిన ఏడాదిలోపే మామ్మ పోయింది. ఆ భయానికి వారసురాలిని నేనొక్కదాన్నే అయ్యాను. నాన్నకు తన పుట్టుక సంగతి తెలుసో తెలియదో కూడా నాకు తెలియదు, అడిగే ధైర్యం లేదు.

మా అత్త చెడ్డది కాదు. కాకపోవడమే నా ప్రాణానికొచ్చింది. నాన్న మా ఇంటికొస్తే "తమ్ముడూ" అని ఎదురెళ్లి చేయి పట్టుకుని తీసుకొచ్చేది. దీపావళికి అతనికి కొత్త చొక్కా కొనకుండా తను కొత్త చీర కట్టేది కాదు. అతని పళ్లెంలో చేప తలకాయ వేసేది. ఆ ప్రేమంతా ఎవరిదో, మాకు అప్పుగా కూడా ఇవ్వనిది, మేం ఎత్తుకొచ్చేశామని నాకు అనిపించేది. సాయంత్రాలు బియ్యం చేటలో పోసుకుని రాళ్లు ఏరుతూ ఆవిడ పాత సంగతులు చెప్పేది. కర్రపెండలం తిని బతికిన రోజులు, గోనె సంచులు కట్టుకున్న ఆడవాళ్లు. "జపానోళ్ల కాలంలో మా పిన్ని కాడ ఉండగా ఒకపాలి ఏటయినాదంటే..." అని మొదలుపెట్టగానే నేను "అత్తా, ఏదో మాడుతున్నట్టుంది," అని లేచిపోయేదాన్ని. చల్లారిన పొయ్యి పక్కన గోడకానుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. గ్యాసు పొయ్యి వచ్చాక కూడా అదే మాట. "నీ వంటింట్లో ఎప్పుడూ ఏదో మాడతాదేటే," అనేది అత్త. నాన్న పోయినప్పుడు ఆవిడ శవం తలవైపు కూర్చుని తోడబుట్టిన అక్కలాగా ఏడ్చింది. నేను నాన్నను చూడలేదు. ఆవిడ ముఖమే చూస్తూ కూర్చున్నాను, ఏడుపులో ఏ మాట జారుతుందోనని. కన్నతండ్రి ముఖం చివరిసారి తనివితీరా చూసుకోలేని భయం అది. దాన్ని ఇప్పుడు తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

ఇక ఆ కుర్రాడు వచ్చిన రోజు. పొడుగ్గా ఉన్నాడు, ఎండకు చెవులు ఎర్రబడ్డాయి. బూట్లు బయటే విడిచి, దేవి నేర్పినట్టు వంగి దండం పెట్టాడు. అత్త పేము కుర్చీలో కూర్చుని ఉంది. నేను పొయ్యి మీద చేపల పులుసు పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ అతన్ని కింద నుంచి పైదాకా చూసి, నేననుకున్నట్టే అడిగింది. "ఇంటిపేరేటి ఈ కుర్రోడిది?"

"ఎస్పోసితో, పాట్టి," అంది దేవి.

"అలాటి ఇంటిపేరు నానెప్పుడూ ఇన్లేదు. అర్థమేటి?"

దేవి నా వైపు చూసింది. నేను, "అత్తా, వంటింట్లో ఏదో మాడుతున్నట్టుంది," అన్నాను. అలవాటైన మాట కదా, దానంతటదే వచ్చేసింది. కానీ కాళ్లు కదల్లేదు. ఈలోగా పాట్టి ఏమడిగిందని మార్కో దేవిని ఇంగ్లీషులో అడిగాడు. అది చెప్పింది. అతని ముఖం వెలిగిపోయింది. దాచాల్సిన సంగతని అతనికి ఎవరూ చెప్పలేదు. చేతులతో గోడ చూపించాడు, కన్నం చూపించాడు, చక్రం ఎలా తిరిగేదో తిప్పి చూపించాడు. బడిలో అతని తరగతిలోనే ఎస్పోసితోలు ఎంతోమంది ఉండేవారట. రొట్టెలు కాల్చేవాడు ఎస్పోసితో, జడ్జీ ఎస్పోసితో, బంతాటలో గోలు కొట్టినవాడూ ఎస్పోసితోనే. తమ వంశంలో ఆ చక్రంలో పడుకున్న మొదటి బిడ్డ ఎవరో వాళ్లింట్లో ఎవరికీ తెలియదట. ఒక్కో మాటా తెలుగులో చెబుతూంటే దేవి గొంతు తగ్గిపోతూ వచ్చింది. చివరి మాటలు గొణిగింది.

అత్త ముందుకు వంగింది. "సెక్రం తిప్పి లోపలికి తీసుకునేవోరా?"

"అవును, పాట్టి."

"ఎవుల పిల్లో అడక్కుండానా?"

"అడగడానికి అక్కడ ఎవరుంటారు పాట్టి?"

అత్త పేము కుర్చీ చేతిని వేళ్లతో రుద్దుతోంది. ఈ సంబంధం పోతుంది, నా కూతురు ఏడుస్తుంది, తర్వాత ఆవిడ నా వైపు తిరిగి నాన్న సంగతి అడుగుతుంది. ఇవి మూడూ ఒకదాని వెనక ఒకటి జరగబోతున్నాయని నాకు తెలిసిపోయింది.

"అయితే మా తమ్ముడిలాటోడే," అంది అత్త.

నేను వెంటనే వంటింటి వైపు తిరిగాను. "కూకో," అంది వెనక నుంచి. "వంటింట్లో ఏటీ మాడటం నేదు. నాకు ముసలితనం వచ్చింది గాని ముక్కు పోలేదు. కూకో."

కూర్చున్నాను. ఆవిడ నాకు చెప్పలేదు, ఆ ఇటలీ కుర్రాడికే చెప్పింది, తెలుగులో, అతనికి అర్థమవుతుందన్నట్టు. "పొగ ఇంటి గుమ్మం కాడ ఏడుపు ముందర ఇన్నది నానే బాబూ. నీళ్లకెల్తన్నాను. గోనెగుడ్డకి సీమలు పట్టేసినాయి. నా పావడాతో దులిపేసి ఎత్తుకొచ్చి మా పిన్ని వొళ్లో ఏసినాను. ఆ సెక్రం తిప్పింది నానేననుకో."

"పాట్టి, ఎవరి గురించి? తెలుక్ ఇంటాన్ తాత గురించా?" అంది దేవి.

"నీకు గుర్తుందా అత్తా?" అన్నాను.

"ఎత్తుకొచ్చినదాన్ని నానైతే మర్చిపోతానేటే? మీ ఇంట్లో అడుగెట్టినపొద్దే పోల్చినాను. మా పిన్ని నన్ను సూసి వణికిపోతంటే ఏటనాల? మా సిన్నాన్న రాలేదు, ఆయనకి పిల్లల్లేరు. ఆయన పేరు సెప్పుకునే మనిషి ఒకడున్నాడు. కాదంటానేటి? నాకు తమ్ముడయినాడు."

"మరి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?" నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఎప్పుడు సెప్పనిచ్చినావు? నానెప్పుడు మొదలెట్టినా ఏదో మాడిపోతందని లేసెల్లిపోయేదానివి. మీ అయ్యకి సెప్పినాను. ఆడు నన్నే అడిగినాడు. 'మా పిల్లకి సెప్పకప్పా, దానికి తెలిస్తే బెంగెట్టుకుంటాది,' అన్నాడు. సరే అన్నాను. నీకు తెల్దనుకుని నానూ, నాకు తెల్దనుకుని నువ్వూ."

నాన్నకు తెలుసు. తెలిసే ఆ కొత్త చొక్కాలు తొడుక్కున్నాడు, తెలిసే ఆ చేప తలకాయలు తిన్నాడు. భయమంతా మామ్మది, నాది. మామ్మ వంటింట్లో గోడకానుకుని గడిపిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. ఆ ఊళ్లో బయట పెట్టిన బిడ్డల పేరు ఇవాళ ఇళ్ల తలుపుల మీదా, కొట్ల బోర్డుల మీదా, జడ్జీ కుర్చీ ముందూ రాసి ఉంటుందట. మా నాన్న ఒక్కడి సంగతి దాచడానికి మేం రెండు తరాల ఆడవాళ్లం ఊపిరి బిగబట్టుకున్నాం. మామ్మ ఒక్కసారి ఆ పళ్లెం కింద పెట్టి అడిగి ఉంటే ఆ పూటే తేలిపోయేది. అడగలేకపోయింది. ఆవిడ్ని తప్పు పట్టలేను, నేనూ అడగలేదు.

అత్త మార్కో చేయి తన చేతిలోకి తీసుకుంది. "పెళ్లి కార్డులో ఇంటిపేరు పెద్ద అచ్చరాలతో ఎయ్యమను," అంది దేవితో. అది కళ్లు తుడుచుకుంటూ అతనికి ఆ మాట చెబుతూండగా నాకు వాసన తగిలింది. అత్తకూ తగిలినట్టుంది, ముక్కు ఎగబీల్చి నా వైపు చూసి నవ్వింది.

"ఒలే, ఇప్పుడు మాడతన్నాది. నిజంగానే."

పులుసు అడుగంటుతోంది. పొగ సన్నగా గుమ్మంలోకి వస్తోంది. నేను లేవలేదు. పీట లాక్కుని ఆవిడ కుర్చీకి దగ్గరగా జరిగాను.

"మాడనీ అత్తా," అన్నాను. "ఆ పొద్దున మా నాన్న ఎలా ఏడుస్తున్నాడో చెప్పు."